తమ్ముడి జూదపు అప్పులు తీర్చడానికి పండగలోపు పొలం అమ్మవచ్చా? సలహా ఇవ్వండి

ఆచంట రైతు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఆచంటకు దగ్గరి పల్లెటూరు. నేనూ మా తమ్ముడూ ఉమ్మడి పొలంలో సార్వా, దాళ్వా రెండు పంటలూ వరి వేస్తాం. దానికి తోడు అతను చెరువులు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతున్నాడు. సంక్రాంతి కోడి పందేల సరదా అతనికి కుర్రతనం నుంచీ ఉంది. భోగి నుంచి కనుమ దాకా బరి దగ్గర, ఆ పక్కనే బొమ్మల పాచికలతో డబ్బు కాసే గుండాట బల్లల దగ్గర కొంత పోగొట్టుకున్నా, పండగ వెళ్లగానే తన పనిలో తాను పడేవాడు కనుక మేము దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఫోనులో రమ్మీ, ఆ తరువాత ఐపీఎల్ బెట్టింగు వచ్చాక ఆ మూడు రోజుల సరదా ఏడాది పొడవునా రాత్రింబవళ్లు సాగింది.

కిందటిసారి రొయ్యలు పట్టి అమ్మిన (పట్టుబడి) తరువాత మేత డీలరు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నప్పుడు గానీ అసలు సంగతి మాకు తెలియలేదు. రొయ్యల సొమ్ము వచ్చినంత వేగంగానూ పోయింది. మేత బాకీ అలాగే ఉంది. మరదలి గాజులు, హారం తాకట్టులో ఉన్నాయి. ఊళ్లో కొందరి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి నోట్లు రాశాడు. ఇవి కాక ఫోనులో అప్పులిచ్చే యాప్‌ల నుంచి ఎంత తీసుకున్నాడో తనే సరిగా చెప్పలేకపోతున్నాడు.

ఈ ఒక్కసారి బాకీలన్నీ తీర్చేస్తే ఇక జన్మలో ముట్టుకోనని మా అమ్మ చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. పండగకు నలుగురూ ఇంటికి వచ్చేలోపు అర ఎకరం అమ్మేసి పరువు నిలుపుకోవాలని అమ్మ పట్టుబడుతోంది. మరదలు మాత్రం వద్దంటోంది. నేను అడగదలచినవి ఇవి: పొలం అమ్మి తీర్చడం సరైనదేనా? ముప్పై అయిదేళ్లు దాటిన మగవాడిని చిన్నబుచ్చకుండా డబ్బు అతని చేతికి అందకుండా చేయడం ఎలా? మన ప్రాంతంలో దీనికి వైద్యం ఎక్కడ దొరుకుతుంది, అక్కడికి వెళితే ఊరంతా తెలిసిపోతుందా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పాలకొల్లు:

రైతు గారికి నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: ఇప్పుడు అమ్మకండి. ఎప్పటికీ అమ్మవద్దని నేను అనడం లేదు. గండి పూడ్చకుండా చేలో నీళ్లు తోడితే ఫలితం ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. బాకీలన్నీ ఒక్కసారిగా తీరిపోయిన మనిషికి ఊళ్లో మళ్లీ అప్పు పుడుతుంది, యాప్‌లు మునుపటికంటే పెద్ద మొత్తం ఇస్తామని సందేశాలు పంపుతాయి. శాఖలో పనిచేసినన్నాళ్లూ, తండ్రి పొలం అమ్మి తీర్చిన అప్పు చోట రెండేళ్లు తిరగకముందే అంతకు మించిన అప్పు నిలవడం నేను పలు ఇళ్లలో చూశాను. ఆ కుర్రవాళ్లలో చాలామంది ఇచ్చిన మాట ఇచ్చిన రోజున నిజమైనదే. మాట ఒక్కటే సరిపోదని మాత్రమే నా మనవి.

ముందుగా అప్పుల లెక్క కాగితం మీదికి రావాలి. ఎవరికి, ఎంత, ఏ తేదీన, ఎంత వడ్డీకి, ఏమి రాసి ఇచ్చాడు అన్నవన్నీ అతని చేతనే, మీ సమక్షంలో రాయించండి. యాప్‌ల అప్పులు గుర్తు లేవన్నారు కదా, అందుకు ఒక మార్గం ఉంది. దేశంలోని నాలుగు రుణ సమాచార సంస్థలలో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. సిబిల్ అన్న పేరు మీరు వినే ఉంటారు, అది వాటిలో ఒకటి. తమ్ముడి ఫోనుకు వచ్చే ఓటీపీతో ఆ నివేదిక తీస్తే బ్యాంకులు, నమోదైన ఫైనాన్సు సంస్థలు ఇచ్చిన అప్పులన్నీ బయటపడతాయి. బంగారం ఏ సంస్థలో ఉందో, వేలం గడువు ఎప్పుడో కూడా చూడండి. పొలం విషయంలో సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ, అంటే దాని మీద తాకట్టులూ లావాదేవీలూ చూపే పత్రం, తీయించి, అసలు దస్తావేజులూ పట్టాదారు పాసుపుస్తకాలూ ఎవరి దగ్గర ఉన్నాయో కళ్లారా చూసుకోండి.

ఇక డబ్బు చేతికి అందకుండా చేయడం. రొయ్యల సొమ్ము, ధాన్యం సొమ్ము పడే ఖాతాను భార్యాభర్తలిద్దరూ సంతకం చేస్తేనే నడిచే ఉమ్మడి ఖాతాగా పెట్టించండి. ‘ఇద్దరిలో ఎవరైనా’ అన్న పద్ధతి మీకు పనికిరాదు, ‘ఇద్దరూ కలిసి’ అన్న పద్ధతి కావాలని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. అటువంటి ఖాతాలకు సాధారణంగా ఏటీఎం కార్డు గానీ యూపీఐ గానీ ఉండవు, మీకు కావలసినదీ అదే. అతని రోజువారీ ఖర్చుకు వేరే చిన్న ఖాతా ఒకటి ఉంచి, ఫోనులోని యూపీఐని దానికి మాత్రమే కలపండి. ఆ ఖాతా కార్డుకు ఆన్‌లైన్ చెల్లింపులను ఆపివేయవచ్చు. యూపీఐ ఆటోపే అనుమతులు ఏవైనా మిగిలి ఉంటే రద్దు చేయండి. కొన్ని యాప్‌లు దాని ద్వారానే నెలనెలా సొమ్ము లాగేస్తుంటాయి.

తీర్చే సమయం వచ్చినప్పుడు సొమ్ము తమ్ముడి చేతి మీదుగా వెళ్లకూడదు. మీరే నేరుగా అప్పు ఇచ్చినవారికి చెల్లించి, రసీదూ నోటూ వెనక్కి తీసుకోండి. మేత డీలరును ముందు పెట్టుకోండి, ఎందుకంటే సాగు ఆగితే ఏ బాకీ తీరే దారీ ఉండదు. ఆ తరువాత బంగారం వేలానికి పోకుండా వడ్డీ కట్టండి. మిగిలినవారికి పట్టుబడికి ఇంత అని వాయిదా ఒప్పుకుంటే, పొలం ముట్టుకోకుండా గడిచే అవకాశమే ఎక్కువ.

ఒక ఇల్లాలు, రాజోలు:

అన్నయ్య గారూ, మీ మరదలు వద్దంటున్నదంటే ఆమెకు మీ అందరికంటే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. ఆమెను కూర్చోబెట్టి నింపాదిగా అడగండి. మా ఇంట్లో కూడా చెరువులే, మావారిదీ ఫోను ఆటే. నాకు పనికివచ్చిన సంగతులు రాస్తాను.

చిన్నబుచ్చకుండా ఎలా అన్నారు. పద్ధతి అంతా ఆయన నోటి నుంచే రావాలి. మేము గొడవ పడిన రాత్రి ఏదీ తేల్చుకోలేదు. ఆయన స్థిమితంగా ఉన్న ఒక పొద్దుట మా మామగారి ముందు కూర్చుని, ‘ఏ సమయంలో నీకు చెయ్యి ఆగదు?’ అని మాత్రమే అడిగాను. పట్టుబడి సొమ్ము పడిన రోజు, రాత్రి చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకోవడానికి గట్టు మీది షెడ్డులో ఒంటరిగా పడుకునే వేళ, మ్యాచ్ ఉన్న సాయంత్రాలు అని ఆయనే చెప్పారు. అప్పుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఏర్పాటు చేసుకున్నాం. రొయ్యలు కొనే వ్యాపారి తూకం అయిన వెంటనే సొమ్మును ఉమ్మడి ఖాతాకే వేసేలా ముందే చెప్పించాం. రాత్రి కాపలాకు మా మరిది కొడుకు తోడు పడుకుంటాడు. ఆ షెడ్డులో మాటలకు మాత్రమే పనికివచ్చే బటన్ల ఫోను ఉంటుంది, పెద్ద ఫోను ఇంట్లోనే ఉంటుంది. ఈ ఒక్క మార్పు వల్లనే సగం భారం తగ్గింది.

పెద్ద ఫోనులో బెట్‌బ్లాకర్ అనే ఉచిత యాప్ వేయించాం. అది జూదం సైట్లను మనం ఎంచుకున్న గడువు వరకు తెరుచుకోనివ్వదు, మధ్యలో మనసు మార్చుకున్నా తేలికగా తీయడానికి వీలు కాదు. పందేల చిట్కాలు చెప్పే టెలిగ్రామ్, వాట్సాప్ గుంపుల నుంచి ఆయనే ఒక్కొక్కటిగా బయటకు వచ్చారు. వాటిలో ఉన్నవాళ్లు మళ్లీ చేరుస్తారు కనుక ఎవరు పడితే వారు గుంపులలో చేర్చకుండా ఆ సెట్టింగు మార్చుకోవాలి.

ఇంకొక కష్టమైన పని ఉంది. అప్పు ఇవ్వగల బంధువులకూ, కిరాణా కొట్టుకూ, ధాన్యం కమీషను ఏజెంటుకూ ఆయన సమక్షంలోనే విషయం చెప్పి, నేను లేకుండా సొమ్ము ఇవ్వవద్దని కోరాం. పరువు పోతుందని మా అత్తగారు ఏడ్చారు. అయితే అప్పటికే ఊళ్లో అందరికీ తెలుసు, తెలియనిది మాకే.

మావారు ఐపీఎల్ నడుస్తున్న రోజుల్లో ఒకసారి జారారు. వాళ్ల బాబాయి కొడుకు ఫోను మీద ఆడి, మర్నాడు తనే వచ్చి చెప్పారు. ఆ రోజు నేను అరిచి ఉంటే మరొకసారి చెప్పేవారు కాదు. ఏ తలుపు తెరిచి ఉండిపోయిందో చూసి, ఆ అబ్బాయితో మాట్లాడి దాన్ని మూశాం.

పండగ మూడు రోజులకూ ముందే ఏర్పాటు చేసుకోండి. బరి ఉన్న ఊళ్లో ఉంటూ బరికి వెళ్లవద్దనడం మనిషిని హింసించడమే. మేము భోగికి మా పుట్టింటికి వెళ్లి, కనుమ నాడు పిల్లలతో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి వచ్చాం. ఆయన జేబులో ఆ రోజు ఖర్చుకు సరిపడే నోట్లు తప్ప ఫోను గానీ కార్డు గానీ లేవు.

మానసిక వైద్య విభాగం నర్సు, కాకినాడ:

పై ఇద్దరూ చెప్పినవి ఎంతో విలువైనవి. వాటికి వైద్యం వైపు నుంచి కొంత చేరుస్తాను.

దీన్ని గుణంలోని లోపంగా కాక జబ్బుగా చూడడం వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన వర్గీకరణలో జూదపు వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనూ అది వ్యసనాలలోనే ఉంది. పోయిన సొమ్మును మళ్లీ ఆడి రాబట్టుకోవాలని చూడడం, ఎంత ఆడుతున్నదీ ఇంట్లో దాచడం, మునుపటి ఉత్సాహం కోసం పందెం మొత్తాన్ని పెంచుకుంటూ పోవడం, మానదలచినా మానలేకపోవడం దాని ప్రధాన లక్షణాలు. మీరు రాసినదాన్ని బట్టి మీ తమ్ముడిని వైద్యుడికి చూపించవలసిన స్థితి వచ్చింది.

ఒక్క ముక్క తేడాతో పోయిన రమ్మీ ఆట, చివరి బంతికి తప్పిన పందెం మనిషిని నిరుత్సాహపరచవు. దగ్గరికి వచ్చాను, ఈసారి తగులుతుంది అనిపించేలా చేస్తాయి. గుండాటలో పాచికకు కిందటిసారి పడిన బొమ్మ గుర్తుండదు, కానీ మన మనసు మాత్రం ఇన్నిసార్లు పడలేదు కనుక ఇప్పుడు పడుతుందని లెక్క కడుతుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్సలో ఇటువంటి ఆలోచనలను ఒక్కొక్కటిగా పట్టుకుని సరిచేస్తారు. ఆడాలన్న తహతహ పుట్టినప్పుడు అరగంట వాయిదా వేసి, ఆ అరగంటలో మరొకరి దగ్గరికి వెళ్లి కూర్చోవడం నేర్పుతారు, ఎందుకంటే ఆ ఉద్ధృతి చాలాసార్లు ఆపాటికి తగ్గుముఖం పడుతుంది. వెంట దిగులు గానీ మద్యం అలవాటు గానీ ఉంటే దానికీ చికిత్స చేస్తారు, అవసరమైతే మందులు కూడా రాస్తారు. చాలామందికి ఆసుపత్రిలో చేరే పని ఉండదు, ఓపీకి వచ్చి వెళితే చాలు.

మొదటి అడుగుగా 14416 నంబరుకు ఫోను చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, కుటుంబసభ్యులు కూడా చేయవచ్చు. ముఖాముఖి చూపించడానికి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మీ ఊరికి తెలుస్తుందన్న భయం వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను వైద్య సిబ్బంది మీద పెట్టింది.

ఇంట్లో పెద్దవారికి వణుకుడు జబ్బు, అదే పార్కిన్సన్స్ ఉండి, ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడుతూ కొత్తగా జూదం మీద మోజు పడితే అది మందు ప్రభావం కావచ్చు. ఇది మీ తమ్ముడి విషయం కాదు గానీ చదివే మిగిలినవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మందు మీరే ఆపకుండా రాసిన వైద్యుడికి వెంటనే చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. అప్పులు బయటపడిన మొదటి వారాలు ప్రమాదకరమైనవి. సిగ్గుతో, దిక్కుతోచకపోవడంతో ప్రాణం మీదికి తెచ్చుకునేవారు ఉంటారు. ‘నేను లేకపోతే మీరు సుఖపడతారు’ వంటి మాట వినిపిస్తే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా, ప్రేమగా అడగండి, అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. పొలం మందులు, చెరువు మందులు తాళంలో పెట్టి, తాళం చెవి మీ దగ్గర ఉంచుకుని, అతన్ని ఒంటరిగా వదలకుండా 14416కు ఫోను చేయండి లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

న్యాయవాది, నరసాపురం:

చట్టం వైపు నుంచి కొద్దిగా. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచానంటూ సొమ్ము కోసం ఎవరూ దావా వేయలేరు. అయితే ‘చేబదులు’ అని రాయించుకున్న ప్రామిసరీ నోటు దగ్గర వ్యవహారం అంత తేలిక కాదు. అది దేని కోసం పుట్టిందో సాక్ష్యంతో చూపించవలసి వస్తుంది. ఖాళీ నోట్లు, ఖాళీ చెక్కులు ఎన్ని ఇచ్చాడో తప్పక అడగండి. చెక్కు బౌన్సు అయిందని నోటీసు వస్తే పదిహేను రోజుల గడువు మొదలవుతుంది కనుక, ఆ నోటీసును అటక మీద పడేయకుండా మరునాడే వకీలుకు చూపించండి.

తమ్ముడి అప్పుకు మీ వాటా గానీ, మీ అమ్మగారి సొంత ఆస్తి గానీ జవాబుదారీ కాదు. మీరు జామీను సంతకం పెడితే మాత్రం జవాబుదారీ అవుతారు. పెట్టకండి. ఉమ్మడి ఆస్తిలో అతని వాటా మీదికి మాత్రం అప్పు ఇచ్చినవారు రావచ్చు. యాప్‌ల వసూలు మనుషులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తన పరిధిలోని సంస్థలను ఆదేశించింది. అతిక్రమిస్తే ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఫలితం లేకపోతే 14448 నంబరులో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ సేవను సంప్రదించండి. ఫొటోలు మార్చి బెదిరిస్తే సైబర్ నేరాల పోర్టల్‌లోనూ, పోలీసు స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

పందెం యాప్‌ల మాట. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. దానిలో ఆట నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి, ఆడినవారికి శిక్ష లేదు. ఇంకా నడుస్తున్న సైట్లు చట్టానికి దొరకకుండా బయటి దేశాల నుంచి నడిచేవే కనుక, అక్కడ గెలిచిన సొమ్ము చేతికి రాకపోతే అడిగే దిక్కు ఉండదన్నది తమ్ముడికి చెప్పవలసిన మాట.

మీ మరదలికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోను చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వకీలును ఇస్తారు. అప్పు ఇచ్చినవారితో వాయిదాల రాజీ కూడా లోక్ అదాలత్‌లో రాతపూర్వకంగా చేయించుకోవచ్చు.

ఆచంట రైతు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు రాసినదంతా అమ్మకు చదివి వినిపించాను. పొలం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టడానికి ఆమె ఒప్పుకుంది. మేత డీలరు రెండు పట్టుబడుల వాయిదాకు అంగీకరించాడు. తమ్ముడు 14416తో తనే మాట్లాడాడు, వచ్చే వారం కాకినాడ వెళుతున్నాం. ఒక్క విషయం దగ్గర మాత్రం మొండికేస్తున్నాడు. ఫోను ఆట మానేస్తాను గానీ పండగకు స్నేహితులతో అయిదు వందలు పెట్టి ఒక్క పందెం వేసుకోవడంలో తప్పేముందని అంటున్నాడు. దీనికి ఏమని చెప్పాలి?

మానసిక వైద్య విభాగం నర్సు, కాకినాడ:

తనే ఫోను చేశాడన్నది నాకు చాలా సంతోషం కలిగించింది. ఆ మాట అతనికి చెప్పండి.

అయిదు వందల సంగతి. ఇంకా అదుపు తప్పనివారికి హద్దులు పనిచేస్తాయి. పోయినా బాధ లేనంత నగదు మాత్రమే జేబులో పెట్టుకోవడం, అప్పు చేసి ఆడకపోవడం, వేళ కాగానే లేచి రావడం, తాగి ఆడకపోవడం, పోయినదాన్ని అక్కడే రాబట్టుకోవాలని కూర్చోకపోవడం వారికి సరిపోతాయి. పోయినదాని వెంట పడి బంగారం దాకా వెళ్లినవారికి మాత్రం, కనీసం మొదటి ఏడాది, చిన్న పందెం కూడా లేకుండా పూర్తిగా మానడమే క్షేమం. అయిదు వందలు పోవడం వల్ల పెద్ద నష్టం లేదు. అది పోయిన తరువాత, లేదా అంతకంటే ప్రమాదకరంగా అయిదు వేలై తిరిగి వచ్చిన తరువాత, ఆ రాత్రి అతని మనసులో మొదలయ్యే లెక్కలే మళ్లీ పాత చోటికి తీసుకువెళతాయి.

మీరు వాదించి గెలవాలని చూడకండి. ఇదే ప్రశ్నను కాకినాడలో వైద్యుడి ముందు అతని చేతనే అడిగించండి. అప్పుల లెక్క రాసిన కాగితమూ, ఏయే వేళల్లో చెయ్యి ఆగదో రాసినదీ వెంట తెండి. మరదలిని కూడా తీసుకురండి, ఆమెతో విడిగా మాట్లాడించమని అడగండి. ఈ నెలల భారమంతా మోసిన మనిషి ఆమే కనుక ఆమె నిద్ర, ఆరోగ్యం గురించి కూడా వైద్యుడికి తెలియాలి.

ఒక ఇల్లాలు, రాజోలు:

అన్నయ్య గారూ, ఆ స్నేహితులలో ఒకరిద్దరితో మీరే మాట్లాడి చూడండి. మావారి స్నేహితులు విషయం తెలిసిన తరువాత పండగ నాడు తమంతట తామే ఆయన్ని పందెం చోటికి పిలవడం మానేశారు, బదులుగా భోజనానికి మా ఇంటికి వచ్చారు. మీ మరదలికి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఇక్కడ రాయమనండి, నేను జవాబు ఇస్తాను.